కొండ మీద ఇంటికి వెచ్చదనం లెక్క

మన కోయంబత్తూరు తెలుగు కుటుంబాల్లో పిల్లలు స్థిరపడి, చేతిలో నాలుగు డబ్బులు ఆడటం మొదలుకాగానే పుట్టే కోరిక ఒకటుంది: నీలగిరుల మీద ఒక ఇల్లు. మేట్టుపాళయం దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే నాలుగో మలుపులోనో అయిదో మలుపులోనో చల్లగాలి ముఖానికి తగులుతుంది. అక్కడ కారు ఆపి టీ తాగుతూ "ఇక్కడొక చిన్న ఇల్లుంటే ఎంత బాగుండును" అనుకోనివాణ్ణి నేను చూడలేదు. బ్యాంకులో ఇళ్ళ అప్పుల కాగితాలు చూసే ఉద్యోగం కనుక ఆ కోరిక నా బల్ల మీదికి ప్లాను రూపంలో వస్తుంటుంది. పట్టా చూస్తాం, విల్లంగం చూస్తాం, అనుమతి కాగితం చూస్తాం, ఎస్టిమేటు చూస్తాం. ఆ ఇంట్లో డిసెంబరు రాత్రి మనిషి ఎలా పడుకుంటాడన్నది మాత్రం ఏ ఫారంలోనూ ఉండదు.

ఆ ప్రశ్న మా ఇంట్లోనే వచ్చింది. నాన్నగారు కట్టిన పాత ఇల్లు అమ్మి అన్నదమ్ములం పంచుకున్నాక, మా తమ్ముడు తన వాటాతో కోటగిరికి దగ్గరలో కొంత స్థలం కొన్నాడు. రిటైరయ్యాక అక్కడే ఉంటాడు. అమ్మ వాడి దగ్గరే ఉంటానంది. అమ్మకు ఎనభై ఒకటి, పాతికేళ్ళుగా ఉబ్బసం. ఊరి దుమ్ము పడదు, కొండగాలి పడుతుందని అందరి ఆశ. డాక్టరుగారు మాత్రం ఒక్క మాట చెప్పి పంపారు: చలికి దుప్పటి కప్పవచ్చు, చెమ్మకూ బూజుకూ దుప్పటి లేదు, గోడలు పొడిగా ఉండేట్టు చూసుకోండి అని. వాటాల డబ్బు ఒకసారి గోడల్లోకి వెళ్ళాక మళ్ళీ తిరిగి రాదు. అమ్మకు మరో ఇల్లు మారే ఓపికా లేదు. కాబట్టి ఈ ప్లాను నాకు మిగతా ప్లాన్ల వంటిది కాదు.

గీసినవాడు మా తమ్ముడి కొడుకు. బెంగళూరులో ఒక ఆర్కిటెక్టు దగ్గర పనిచేస్తున్నాడు. చదువుకున్నవాడు, చెయ్యి మంచిది, బొమ్మ చూస్తే కళ్ళు చెదిరాయి. రెండంతస్తుల ఎత్తున ఒకటే హాలు. లోయ వైపు ఇరవై అడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల ఎత్తు గాజు గోడ. పైన చదునైన స్లాబు. కొండవాలును పన్నెండు అడుగులు కోసి చదును చేసిన నేల. అలాంటి విల్లాలు ఆల్ప్స్ పర్వతాల ఫొటోల్లో మీరూ చూసే ఉంటారు.

నేను కామర్సు చదివినవాణ్ణి. నాకు తెలిసిన శాస్త్రం జమాఖర్చులే. అయితే ఇంటి వేడి కూడా జమాఖర్చే అని కొంచెం చదివితే తెలిసిపోయింది. ఎండ, పొయ్యి, దీపాలు, మనుషుల ఒళ్ళు ఇవన్నీ జమ. గోడలు, కప్పు, కిటికీలు, తలుపుల సందులు ఖర్చు. ఒక చదరపు మీటరు మేర, లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉంటే ఎన్ని వాట్లు బయటికి పోతాయన్నది ఇంజనీర్ల కొలత. తొమ్మిదంగుళాల ఇటుక గోడకు అది సుమారు 2. ఒంటి గాజుకు సుమారు 5.7. మధ్యలో గాలి బంధించిన జోడు గాజుకు 2.8 దాకా. గోడకు రెండంగుళాల థెర్మోకోలు వంటి పొర చేరిస్తే అర దగ్గరికి దిగుతుంది.

ఇప్పుడు మావాడి గాజు గోడ చూడండి. ఇరవై పద్దెనిమిదిల మూడువందల అరవై చదరపు అడుగులు, అంటే సుమారు 33 చదరపు మీటర్లు. డిసెంబరు రాత్రి బయట 9 డిగ్రీలు, లోపల అమ్మకు 20 కావాలి. తేడా 11. గుణిస్తే రెండువేల వాట్లు దాటింది. అంటే రెండు బార్ల రూమ్ హీటరు రాత్రంతా ఎర్రగా వెలిగి, ఆ గాజు గోడ ఒక్కదాని నష్టం పూడుస్తుంది. పన్నెండు గంటలకు పాతిక యూనిట్లు. అదే జాగాలో ఇటుక గోడ ఉంటే నష్టం అందులో మూడోవంతు. కప్పు, మిగతా గోడలు ఇంకా లెక్కలోకి రాలేదు. రెండంతస్తుల ఎత్తు హాలులో వేడిగాలి పైకెక్కి సీలింగు దగ్గర కూర్చుంటుంది, కుర్చీలో అమ్మ కింద కూర్చుంటుంది.

"పెద్దనాయనా, పగలు ఎండతో అది మళ్ళీ వస్తుంది. దీన్ని సోలార్ డిజైన్ అంటారు" అన్నాడు వాడు.

వాడు చెప్పింది అబద్ధం కాదు. నేను కళ్ళారా చూశాను. కొన్నేళ్ళ కిందట ఎల్.టి.సి. మీద మేము లేహ్ వెళ్ళాం. పదకొండువేల అడుగుల పైన ఊరు. చలికాలం రాత్రుళ్ళు సున్నాకు పదిహేను, ఇరవై డిగ్రీలు కిందికి పోతుంది. అక్కడ ఒక ఇంటాయన తన దక్షిణపు గోడ చూపించాడు. మందమైన మట్టిగోడకు బయటివైపు నల్లరంగు, దాని ముందు నాలుగంగుళాల ఖాళీ వదిలి గాజు. పగలు ఎండ గాజులోంచి దూరి నల్ల గోడను కాలుస్తుంది. ఆ వేడి గోడలో నెమ్మదిగా నడిచి, సాయంత్రానికి గదిలోకి చేరుతుంది. ఫ్రాన్సులో ఫెలిక్స్ ట్రోంబ్ అనే ఆయన, జాక్ మిషెల్ అనే ఆర్కిటెక్టుతో కలిసి 1967లో పిరెనీస్ కొండల్లో ఒడెయో అనే చోట ఇలాంటి ఇల్లు కట్టారు. అందుకే దాన్ని ట్రోంబ్ గోడ అంటారు. లదాఖులో పాత ఇళ్ళు కూడా తెలివైనవే. మందపు పచ్చి ఇటుక గోడలు, పాప్లార్ దూలాల మీద విల్లో పుల్లలు పరిచి మట్టి కప్పిన పైకప్పు, కింద పశువులు, చలికాలమంతా ఇంటిల్లిపాదీ చేరే ఒక్క వంటగది. తెల్లవారే సరికి ఎవరి ఇంట్లో నిప్పు ఉందో వాళ్ళ ఇంట్లో ప్రాణం ఉన్నట్టు.

కాని లేహ్ వేరు, కోటగిరి వేరు. లేహ్‌లో ఏడాది మొత్తానికి పది సెంటీమీటర్ల వాన పడితే పడినట్టు. చలికాలం ఆకాశం నీలంగా ఉంటుంది. 34 డిగ్రీల అక్షాంశం కనుక డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 32 డిగ్రీల ఎత్తులోనే నిలబడి నిలువు గాజులోంచి గది లోపలికంటా చూస్తాడు. కోటగిరి 11న్నర డిగ్రీల దగ్గర ఉంది. డిసెంబరులోనే సూర్యుడు 55 డిగ్రీలు ఎక్కుతాడు, జూన్‌లోనైతే నడినెత్తి దాటి ఉత్తరం వైపుకు పోతాడు. పైగా మనకు చలి మొదలయ్యేది ఈశాన్య రుతుపవనాలతో పాటు. దొడ్డబెట్ట చాటున ఉంది కాబట్టి కోటగిరికి నైరుతి వానల జోరు తక్కువ, ఈశాన్యపు వానల జోరు ఎక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎండ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేని రోజుల్లోనే వెచ్చదనం కావలసి వస్తుంది.

మావాడి గాజు గోడ ఏ వైపు ఉందంటారా? సరిగ్గా ఈశాన్యానికే. ఎందుకంటే లోయ అటే ఉంది. కింద భవాని ఏటి మైదానం, రాత్రయితే ఊళ్ళ దీపాలు, అన్నీ అటే. ఇక్కడ ఒక తమాషా జరిగింది. మా మరదలు పిలిపించిన వాస్తు సిద్ధాంతిగారు స్థలం చూసి పొంగిపోయారు. నైరుతిలో కొండ ఎత్తు, ఈశాన్యం పల్లం, ఈశాన్యం అంతా తెరిచిన గాజు, ఇంతకంటే ఏం కావాలి అన్నారు. ఆర్కిటెక్టూ సిద్ధాంతీ ఏకాభిప్రాయానికి రావడం నా ఉద్యోగ జీవితంలో అదొక్కటే చూశాను. వాన గాలి మాత్రం వాళ్ళిద్దరినీ అడగలేదు. అది కూడా ఈశాన్యం నుంచే వస్తుంది. చలికాలం సూర్యుడు ఆగ్నేయం వైపు పొడిచి దక్షిణం మీదుగా నైరుతికి పోతాడు. ఈశాన్యపు గాజుకు ఉదయం పూట ఒక చారెడు ఎండ ఏటవాలుగా తగిలి జారిపోతుంది. జమ లేదు, ఖర్చు మాత్రం పూర్తిగా ఉంది.

చలి ఒకటే అయితే కరెంటు బిల్లు కట్టి ఊరుకోవచ్చు. చెమ్మ సంగతి అలా కాదు. 20 డిగ్రీల గాలి ఒక ఘనపు మీటరుకు పదిహేడు గ్రాముల ఆవిరిని మొయ్యగలదు. 10 డిగ్రీల గాలి తొమ్మిదిన్నర గ్రాములకు మించి మొయ్యలేదు. మిగిలింది నీళ్ళయి ఏదో ఒక చల్లటి చోట దిగవలసిందే. నేను వేసిన లెక్క ప్రకారం బయట 9, లోపల 20 ఉన్నప్పుడు ఒంటి గాజు లోపలి ముఖం 12 డిగ్రీలకు దిగుతుంది. తేమ నూటికి డెబ్బై ఉన్న గదిలో 14 దగ్గరే గాలి చెమర్చడం మొదలుపెడుతుంది. అంటే గాజంతా రాత్రంతా కన్నీళ్ళు కారుస్తుంది. అదే జోడు గాజైతే లోపలి ముఖం 16 దగ్గర నిలుస్తుంది, చెమర్చదు. చెమ్మ ఉన్నచోట నల్లబూజు, బూజు ఉన్నచోట అమ్మకు ఆయాసం. ఇదంతా కాగితం మీద రాసి మావాడి ముందు పెట్టాను.

వాడు చదివి కాసేపు మాట్లాడలేదు. తరవాత అన్న మాట నాకింకా గుర్తుంది. "నువ్వు చెప్పేది చూస్తే గుహలో కట్టుకోవాలి. నానమ్మ యాభై ఏళ్ళు ఆ సందులో ఉంది. కిటికీ తీస్తే పక్కింటి గోడ. ఇప్పుడు కొండ మీదికి తీసుకుపోయి మళ్ళీ గోడే చూపిద్దామా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. తమ్ముడు కొడుకు వైపే మాట్లాడాడు. నా డబ్బు కాదు కదా అన్న ధ్వని కూడా వినిపించింది. వాటాలు పంచుకున్న అన్నదమ్ముల మధ్య ఇలాంటివి పైకి అనరు, వినపడతాయి. రెండు వారాలు ఫోన్లు లేవు.

పాతవాళ్ళు ఈ కొండల మీద ఎలా ఉన్నారో చూద్దామని ఆ రెండు వారాల్లో ఒక ఆదివారం ఒక్కణ్ణే పైకి వెళ్ళాను. కోటగిరి పక్కన కన్నేరిముక్కులో జాన్ సల్లివన్ బంగళా ఉంది. ఆయన మన కోయంబత్తూరు కలెక్టరే. 1819లో కొండెక్కాడు, 1822లో ఊటీలో రాతి ఇల్లు మొదలుపెట్టాడు. ఆ కాలపు రాతి బంగళాలు వెచ్చగా ఉంటాయని మనవాళ్ళ నమ్మకం. అది నిజం కాదు. నల్లరాయి వేడిని దాచుకుంటుంది కాని ఆపదు. అడుగున్నర రాతి గోడ కంటే తొమ్మిదంగుళాల ఇటుక గోడే వేడిని ఎక్కువ ఆపుతుంది. అందుకే ఆ దొరలకు గదికొక చలిమంట పొయ్యి కావలసి వచ్చింది. ఆ పొయ్యిలో కట్టెల వేడి చాలా భాగం పొగగొట్టంలోంచి ఆకాశానికి పోతుంది.

తెలివి తోడాలది. వెదురు, పేము, గడ్డితో పీపాను అడ్డంగా కోసినట్టు వంచిన గుడిసె, కిటికీలు లేవు, ద్వారం దాదాపు పాకి వెళ్ళేటంత చిన్నది. లోపలి గాలి కొంచెం, కనుక చిన్న మంటకే కాగుతుంది. వంపు కప్పు మీద వాన నిలవదు. బడుగుల హట్టుల్లో ఇళ్ళు ఒకదానికొకటి అంటుకుని వరసగా ఉంటాయి. మధ్య ఇంటికి రెండు గోడలు చలికి తగలవు. ఇవేవీ మనం అచ్చంగా కట్టుకోలేం, కట్టుకోనక్కరలేదు. కాని చిన్న గదులు, తక్కువ ఎత్తు, వాలు కప్పు, చిన్న ద్వారం ఇవి ఊరికే రాలేదు.

మరొకటి కూడా ఆ దారిలో కనిపిస్తుంది, చూసేవాడికి. 2009 నవంబరు. కేత్తిలో ఒకే రోజు 82 సెంటీమీటర్ల వాన పడింది. ఆ వారం నీలగిరుల్లో కొండచరియలు విరిగి నలభై మందికి పైగా చనిపోయారు. నిలువుగా కోసిన కొండగట్టు కింద ఇల్లంటే నాకు అప్పటినుంచీ భయం. గట్టును కోసినప్పుడు లోపలి నీటి దారి తెగుతుంది. ఆ నీరు ఎక్కడో ఒకచోట బయటికి రావాలి. గట్టు గోడకు కన్నాలు వదిలి, వెనక కంకర నింపి, కింద కాలవ పెడితే దారి దొరుకుతుంది. లేకపోతే ఇంటి వెనక గోడలోంచి వస్తుంది.

తగవు తీర్చింది లెక్కలు కాదు, అమ్మ. సంక్రాంతి వెళ్ళాక ఒక రోజు "నా గది ఎక్కడొస్తుందో చూపించండిరా" అంది. అందరం కలిసి స్థలానికి వెళ్ళాం. ప్లాస్టిక్ కుర్చీ, ఫ్లాస్కు, శాలువా. పొద్దున ఎనిమిదికి కుర్చీ ఆగ్నేయం మూల ఎండలో వేశాం. ఎండ జరిగినకొద్దీ అమ్మ కుర్చీ జరిపించుకుంది. పదకొండింటికి శాలువా తీసేసింది. మూడుంబావుకు నైరుతి కొండ ఎండను మింగేసింది. అయిదు నిమిషాల్లో శాలువా, దాని మీద మా మరదలి స్వెట్టరు. మావాడు కుర్చీ ఆనవాళ్ళ పక్కన సున్నంతో గుర్తులు పెడుతూ టైము రాశాడు. ఎవరూ చెప్పలేదు, తనే రాశాడు. అమ్మ లోయ వైపు కూడా చాలాసేపు చూసింది. "బాగుంది. పగలు చూస్తాను. రాత్రి దీపాలు చూస్తూ ఎవరు కూర్చుంటారు, నేను ఎనిమిదికే పడుకుంటాను కదా. వడియాలు ఎక్కడ పెట్టాలి?" అంది.

వాడు కొత్త ప్లాను గీశాడు. దాన్ని మెచ్చుకోవలసిందే. కొండను అడ్డంగా కోయకుండా వాలు వెంబడి పొడుగ్గా, సన్నగా ఇల్లు. పన్నెండు అడుగుల కోత అయిదుకు తగ్గింది. గట్టుకూ ఇంటికీ మధ్య మనిషి నడిచేంత సందు, అందులో కాలవ. అమ్మ గది ఆగ్నేయపు కొసన, రెండు వైపుల కిటికీలు, రెండూ జోడు గాజు. ఆనుకుని స్నానాల గది, తరవాత వంటిల్లు, తరవాత హాలు, ఎక్కడా మెట్టు లేకుండా. సీలింగు తొమ్మిది అడుగులకు దిగింది. వాలు కప్పు, దాని కింద వేడి ఆపే పొర. మబ్బులేని రాత్రి ఇల్లు అన్నిటికన్నా ఎక్కువ చల్లారేది నెత్తి మీదినుంచే కదా. గోడలు రెండు వరసల ఇటుక, మధ్య రెండంగుళాల పొర. ముందు తలుపు తీస్తే నేరుగా హాలు రాదు. ఒక చిన్న గది, మళ్ళీ తలుపు. గొడుగులూ చెప్పులూ చలీ అక్కడే ఆగిపోతాయి.

మరి గాజు? ఉంది. హాలుకు లోయ వైపున పొడుగునా గాజు వసారా. ఊటీ పాత బంగళాలకు మీరు చూసే ఉంటారు. కాని వసారాకూ హాలుకూ మధ్య మామూలు గోడ, మామూలు తలుపు, ఒక కిటికీ. ఎండ ఉన్నప్పుడు తలుపు తీస్తారు, చీకటి పడితే మూస్తారు. రాత్రి ఆ వసారా ఎంత చల్లబడ్డా ఇంటి జమలోంచి పోయేది తక్కువ. గాజు విస్తీర్ణం తగ్గింది కాబట్టి జోడు గాజుల అదనపు ఖర్చు చాలావరకు అక్కడే సర్దుబాటయింది. ఆ ఎస్టిమేటు నేనే కూర్చుని వేశాను.

వేడికి ఏం పెట్టాలన్నది చివరిదాకా సాగింది. అమ్మ కుంపటి అడిగింది. అది మాత్రం వీల్లేదన్నాం. తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని నిద్రలోనే పోయినవాళ్ళ వార్తలు ఈ కొండ ఊళ్ళనుంచి వింటూనే ఉంటాం. ఆ పొగకు రంగూ లేదు, వాసనా లేదు. చివరికి తలుపున్న ఇనుప పొయ్యి, గొట్టం కప్పు దాటి పైకి. వంటింటికీ అమ్మ గదికీ మధ్య గోడను ఆనుకుని పెట్టారు. అందులో కట్టెలు పెట్టే హక్కు ఎవరిదన్నది అత్తాకోడళ్ళ మధ్య ఇంకా తేలలేదు.

పోయిన ఏడాది దసరాకు పాలు పొంగించారు. నవంబరులో అయిదు రోజులు వదలకుండా వాన పడ్డప్పుడు నేను రోజూ ఫోను చేశాను. మావాడు అమ్మ గదిలో గోడకు ఒక ఉష్ణమాపకం, తేమ చూపే ముల్లు తగిలించి వెళ్ళాడు. తమ్ముడు చదివి చెప్పేవాడు. తెల్లవారుజామున 18 కన్నా దిగలేదు. తేమ రెండు రోజులు మాత్రం డెబ్బై దాటింది. వంటింటి ఆవిరి బయటికి పోయే ఫ్యాను వెయ్యడం మరిచిపోయారట ఆ రెండు రోజులూ. అమ్మకు ఆయాసం ఆ చలికాలంలో రెండుసార్లు వచ్చింది. అంతకుముందు ఏడాది ఊళ్ళో ఉన్నప్పుడు ఎన్నిసార్లో లెక్క పెట్టలేదు. గాజు వసారాలో డిసెంబరు రాత్రి 10 డిగ్రీలు. అక్కడ పడుకుని దీపాలు చూస్తానని మావాడు బెంగళూరునుంచి వచ్చి, ఒంటిగంటకు పరుపు చుట్టుకుని హాల్లోకి వచ్చేశాడని మా మరదలు చెప్పింది.

పగలు మాత్రం అది అమ్మదే. పదింటికల్లా ఎండ ఉంటే కుర్చీ అక్కడికి చేరుతుంది. కింద మైదానంలో ఏది ఏ ఊరో తమ్ముణ్ణి రోజూ అడుగుతుందట. వడియాలు కూడా అక్కడే ఎండుతున్నాయి, వసారా పొడుగునా, మావాడి డ్రాయింగు బల్ల మీద.